కాల్చి చూశాకే కొననివ్వండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ స్పోర్ట్స్ అథారిటీల అధికారులకు, రెండు రాష్ట్రాల్లో ఆయుధ లైసెన్సులు మంజూరు చేసే జిల్లా కలెక్టర్లకు, పోలీస్ కమిషనర్లకు,

నమస్కారం.

ఆటలు చూసేవాళ్లకూ లైసెన్సులు చూసేవాళ్లకూ కలిపి ఒకే ఉత్తరం రాయడం మీకు వింతగా అనిపించవచ్చు. పిస్టల్ కొనే ఇంటి వైపు నుంచి చూస్తే మాత్రం ఇది ఒకటే సమస్య. కూతుర్ని పోటీలకు పంపాలని పిస్టల్ కొనే తండ్రి ఒకవైపు. ప్రాణభయం ఉందని లైసెన్సు తెచ్చుకుని, నడుముకు పెట్టుకోవడానికి పిస్టల్ కొనే వ్యాపారి ఇంకోవైపు. ఇద్దరూ లక్షలు కడుతున్నారు. తాము కొంటున్న దానితో ఒక్క గుండు కూడా కాల్చి చూడకుండానే కడుతున్నారు. ఎందుకంటే చూడటానికి చోటు లేదు.

ప్రతి జిల్లా కేంద్రంలో అలాంటి చోటు ఒకటి కావాలి. నాలుగైదు రకాల పిస్టళ్లు చేతిలోకి తీసుకుని, తెలిసినవాళ్ల పర్యవేక్షణలో కాల్చి, తర్వాత కొనాలో వద్దో తేల్చుకునే చోటు. ఈ ఉత్తరంలో నేను అడిగేది అదే.

చాలా ఏళ్లుగా పిస్టల్ కాలుస్తున్నాను, కొత్తగా వచ్చే పిల్లలకు నేర్పుతున్నాను. 2018లో కేరళలో జరిగిన జాతీయ పోటీల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్లకే సీనియర్ మహిళల ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో సీసపు పెల్లెట్లు కాల్చే పిస్టల్) టైటిల్ గెలిచినప్పుడు మా దగ్గర చాలా ఇళ్లలో ఈ ఆట పేరు మొదటిసారి వినపడింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచాక తల్లిదండ్రులు వెతుక్కుంటూ రావడం మొదలైంది. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకముందే అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఏ పిస్టల్ కొనమంటారు?"

"ఇప్పుడే కొనకండి" అంటాను. "మరి కొనకుండా నేర్చుకునేది ఎక్కడ?" అంటారు. అక్కడ నా దగ్గర జవాబు ఉండదు. హైదరాబాద్‌లో అయితే గచ్చిబౌలి షూటింగ్ రేంజ్ వైపు చూపించగలను. ఆదిలాబాద్ నుంచో ఒంగోలు నుంచో వచ్చినవాళ్లకు ఏం చెప్పను?

ఎందుకు వద్దంటానో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా విన్నపమంతా దీని మీదే నిలబడి ఉంది. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు అంతర్జాతీయ నియమాలు గట్టివి. క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు. బరువు 1500 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపగలగాలి. పోటీకి ముందు ట్రిగ్గర్‌కు తూకపు గుండు తగిలించి, పిస్టల్‌ను నిలువుగా పైకెత్తి చూస్తారు. పిస్టల్ మొత్తం 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. స్టెయిర్, మొరీని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్డీని, ఎవరు చేసినా ఈ హద్దుల్లోనే చేస్తారు. వీటిలో దేన్నైనా బెంచికి బిగించి కాల్చండి, గుళ్లన్నీ టార్గెట్ నడిమధ్య ఉండే పది రింగులోనే ఒకదాని మీద ఒకటి పడతాయి. కంపెనీ పేరు చూసి స్కోరు పెరగదు.

స్కోరు ఎక్కడ పోతుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. గురి చూసుకోవడానికి పిస్టల్ మీద ఉండే ముందు సైటుకూ, గాడి ఉన్న వెనక సైటుకూ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. టార్గెట్ పది మీటర్ల దూరంలో ఉంది, అంటే ముప్ఫై రెట్లు. చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు ఊగితే గుండు కూడా ఒక మిల్లీమీటరే పక్కన పడుతుంది, దానివల్ల పెద్ద నష్టం లేదు. మణికట్టు కొంచెం మెలిపడి ముందు సైటు, వెనక సైటు గాడిలో అదే ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగిందనుకోండి. గుండు 30 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. పది రింగు వెడల్పే 11.5 మిల్లీమీటర్లు. పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. చేయి ఊగుతోందని పిల్లలు కంగారు పడతారు, పెద్దలు డంబెల్స్ కొనిస్తారు. అసలు నష్టం మణికట్టు దగ్గర, ట్రిగ్గర్ వేలి దగ్గర జరుగుతుంటుంది.

మణికట్టును నిలిపేది గ్రిప్, అంటే పిస్టల్ పిడి. చెక్క గ్రిప్పు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తుంది, కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. కింద అరచేతికి ఆసరాగా ఉండే పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. అయినా ఏ చేతికీ అచ్చంగా సరిపడేది డబ్బాలో రాదు. ఆకురాయితో అరగదీయాలి, లోపమున్న చోట పుట్టీ పెట్టి నింపాలి. సరిపోయిందో లేదో తెలుసుకునే పరీక్ష చాలా తేలిక. కళ్లు మూసుకుని పిస్టల్‌ను టార్గెట్ ఎత్తుకు లేపాలి. కళ్లు తెరిచేసరికి ముందు సైటు గాడి మధ్యలో, సమానమైన ఎత్తులో కనపడాలి. ప్రతిసారీ పక్కకే కనపడుతుంటే గ్రిప్ తప్పు, పిల్లది కాదు. ఈ పరీక్ష చెయ్యాలంటే పిస్టల్ చేతిలో ఉండాలి కదా. ఫోన్‌లో బొమ్మ చూసి ఆర్డరు పెట్టే తండ్రికి ఇది ఎలా తెలుస్తుంది?

ఒక జిల్లా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేర్చుకున్న అకాడమీ వాళ్లు సొంత పిస్టల్ ఉంటేనే నేర్పుతామన్నారట. ఇంట్లో బంగారం కుదవబెట్టి లక్షన్నర పైన పోసి కొన్నారు. పిస్టల్ మంచిదే. గ్రిప్ మాత్రం పెద్దవాళ్ల చేతిది. వేలు ట్రిగ్గర్‌కు అందాలంటే అమ్మాయి అరచేతిని పక్కకు తిప్పుకోవాలి, తిప్పుకుంటే మణికట్టు వంగుతుంది. ఏకాగ్రత లేదని తిట్లు తింటూ వచ్చింది. మా దగ్గరున్న చిన్న గ్రిప్ పిస్టల్ ఇచ్చి చూశాం. ఆ పూటే గుళ్లు ఒక చోటికి చేరాయి. ఆ అమ్మాయి ఏడ్చింది. తండ్రి బయటికెళ్లి నిలబడ్డాడు. ఆ కుటుంబం తప్పేముంది ఇందులో? కొనేముందు అరగంట కాల్చి చూసే వీలుంటే ఆ బంగారం ఇంట్లోనే ఉండేది.

ఇంకో సంగతి బరువు. మ్యాచ్ పిస్టల్ కిలోకు అటూఇటూ ఉంటుంది. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి, ఒంటిచేత్తో. గురి సరిచూసుకోవడానికి ముందు వేసుకునే షాట్లు (సైటర్లు), గురి కుదరక దించేసేవి కలిపితే చేయి ఎన్నిసార్లు లేస్తుందో ఆలోచించండి. పన్నెండేళ్ల పిల్లలకు పొట్టి గొట్టం, చిన్న సిలిండర్ ఉన్న తేలికపాటి మోడళ్లు ఉన్నాయి. కానీ రెండేళ్లలో చేయి పెరుగుతుంది, భుజం గట్టిపడుతుంది, అప్పుడు అది చాలదు. ఎదిగే పిల్లలకు సొంత పిస్టల్ కంటే క్లబ్బు పిస్టల్ మేలని నేననడానికి కారణం ఇదే. కొందరికి కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. అది తేల్చుకోకుండా కుడిచేతి గ్రిప్ కొనేస్తే మొత్తం వ్యవహారం మొదటికొస్తుంది.

డబ్బు చాలనివాళ్లు సెకండ్ హ్యాండ్ వైపు వెళతారు. తప్పులేదు, పాత మ్యాచ్ పిస్టల్ బాగా చూసుకున్నదైతే కొత్తదానికి తీసిపోదు. కానీ గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడాలి. దాదాపు 200 బార్ ఒత్తిడి నింపే సిలిండర్ అది, పదేళ్లు దాటితే పోటీలో ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకోరో వేరే చెప్పక్కర్లేదు, అది పిల్లల ముఖానికి చేయి దూరంలో ఉంటుంది. ఈ ఒక్క తేదీ చూసి చెప్పే మనిషి జిల్లాలో లేక మోసపోయినవాళ్లున్నారు.

పరికరం గురించి ఇంత చెబుతుంటే, ఆటంతా పరికరమేనా అని మీరనుకోవచ్చు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో, ఎయిర్ పిస్టల్ ఫైనల్‌కు ఎంపిక చేసే క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. రెండు పాయింట్లతో ఫైనల్ తప్పింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో 221.7తో కాంస్యం గెలిచింది. ప్రతిభ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అంత పెద్ద క్రీడాకారిణినే యంత్రం అలా ఏడిపిస్తే, వాషరు మార్చేవాళ్లు కూడా దొరకని చోట కాల్చే పిల్లల సంగతి చెప్పాలా? పిస్టళ్లతో పాటు వాటిని విప్పి బిగించడం తెలిసిన ఆర్మరర్ కూడా ఉండాలని అందుకే అడుగుతున్నాను.

25 మీటర్ల పిస్టల్ గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. అది .22 తూటా, ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు, రెండో భాగంలో టార్గెట్ మూడు సెకన్లే కనపడుతుంది, ఆ మూడు సెకన్లలో చేయి లేపి ఒక్క షాట్ కొట్టాలి. దానికి లైసెన్సు, ప్రత్యేక రేంజ్ అన్నీ కావాలి. ఎయిర్ పిస్టల్‌కు అవేవీ అక్కర్లేదు. మన ఆయుధ నియమాల్లో 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ ఆయుధాలకు లైసెన్సు అవసరం లేదు. మ్యాచ్ పిస్టల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. కాబట్టి ముందు చెయ్యగలిగింది పది మీటర్ల రేంజే. అందుకు ఒక పదిహేను మీటర్ల పొడవున్న హాలు చాలు. జిల్లా ఇండోర్ స్టేడియంలో బ్యాడ్మింటన్ కోర్టు పక్కన వాడకుండా వదిలేసిన గదులు నేను చాలా చూశాను.

ఇప్పుడు లైసెన్సు అధికారులకు.

ఆయుధ నియమాలు 2016లో పదో నియమం చాలా మంచి నియమం. లైసెన్సు కోరేవాళ్లు ఆయుధ భద్రతా శిక్షణ పొందాలని, ఎలా పట్టుకోవాలి, ఎలా వెంట తీసుకెళ్లాలి, ఎలా కాల్చాలి, ఎలా దాచాలి అన్నవి అందులో ఉండాలని చెబుతుంది. ఆ నియమం రాసినవాళ్లు ఆలోచించి రాశారు. కానీ నా దగ్గరికి వచ్చే లైసెన్సుదారుల్లో సర్టిఫికెట్ ఉండి కూడా చాంబర్ (కాల్చే ముందు తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో చూడటం రానివాళ్లు తగులుతున్నారు. దీన్ని ఎవరి తప్పుగానో చూపించాలని కాదు. నేర్పే చోటు లేనప్పుడు శిక్షణ కాగితం మీదే మిగులుతుంది.

9 మిల్లీమీటర్ల పిస్టల్ మన దేశంలో సామాన్యులకు నిషిద్ధం. కాబట్టి ఆత్మరక్షణకని కొనేవాళ్లలో ఎక్కువమంది చివరికి .32 క్యాలిబర్ దగ్గరే ఆగుతారు. అందులో రివాల్వర్ కొనాలా, పిస్టల్ కొనాలా? కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ రివాల్వర్లలో పడేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా. ఈషాపూర్ ఫ్యాక్టరీ 'అశని' పిస్టల్‌లో పడేది 7.65 మిల్లీమీటర్ల బ్రౌనింగ్ తూటా, దాన్నీ .32 అనే అంటారు. పేరు ఒకటే అయినా ఒకదాని తూటా ఇంకోదానిలో వాడకూడదు. దుకాణంలో ఈ మాట చెప్పించుకోకుండా బయటికొచ్చినవాళ్లను నేనెరుగుదును.

రివాల్వర్ పనితీరు సూటిగా ఉంటుంది. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతిది ముందుకొస్తుంది. తూటాలుండే గుండ్రటి సిలిండర్ తెరిస్తే ఎన్ని ఉన్నాయో కంటికి కనపడుతుంది. డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ ఒక్కటే లాగి కాల్చేటప్పుడు, ఆ లాగడం బరువుగా, పొడుగ్గా ఉంటుంది, సాధన లేనివాళ్లు లాగేటప్పుడు గొట్టం కిందికి దిగిపోతుంది. ఆ బరువు భరించలేక ట్రిగ్గర్‌ను తేలిక చేయించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి చేయించుకోవద్దని ఈ లేఖ చదివే ప్రతి లైసెన్సుదారుకూ చెబుతున్నాను. నడుముకు పెట్టుకునే ఆయుధానికి ఆ బరువే రక్ష. పోటీ పిస్టల్ ట్రిగ్గర్ వేలితో కొద్దిగా నొక్కితేనే పేలుతుంది, ఎందుకంటే అది రేంజ్‌లో, టార్గెట్ వైపు తిరిగి ఉన్నప్పుడు మాత్రమే నింపే పరికరం. రెంటికీ పొంతన లేదు.

పిస్టల్ సన్నగా ఉంటుంది, చొక్కా కింద దాగుతుంది. కానీ స్లైడ్, అంటే పిస్టల్ పైభాగం, వెనక్కి లాగడానికి వేళ్లలో బలం కావాలి, వయసు మళ్లినవాళ్లకు అది కష్టం. అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. తూటాలుండే మ్యాగజైన్ బయటికి తీసేసి ఖాళీ అయిపోయిందనుకుంటారు. చాంబర్‌లో ఒక తూటా అలాగే ఉంటుంది. మ్యాగజైన్ తీశాక స్లైడ్ లాగి, చాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమి చూడాలి. ఈ అలవాటు మాటలతో రాదు. తెలిసినవాళ్లు పక్కన నిలబడి, పదే పదే చేయిస్తేనే వస్తుంది.

2014లో కాన్పూర్ నుంచి 'నిర్భీక్' అని మహిళల కోసం తేలికపాటి రివాల్వర్ వచ్చింది. బరువు అర కిలో, ధర అప్పట్లో లక్షా ఇరవై రెండు వేలు. పర్సులో పడుతుంది, మోయడం తేలిక. కానీ రివాల్వర్ ఎంత తేలికైతే కాల్చినప్పుడు చేతిలో అంత ఎగురుతుంది, రెండో షాట్‌కు గురి తిరిగి కుదరడం అంత ఆలస్యం. మోయడానికి తేలికైంది కాల్చడానికి తేలిక కాదని కొనేముందు ఎవరు చెప్పాలి? రేంజ్‌లో నాలుగు తూటాలు కాలిస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

ఇంకా పాత విదేశీ రివాల్వర్ల మోజు ఉంది. సామాన్యులు విదేశాల నుంచి తుపాకులు తెప్పించుకోవడం 1980ల నుంచి ఆగిపోయింది కాబట్టి దేశంలో ఉన్న పాతవే చేతులు మారుతూ, ధరలు పెరుగుతూ పోతున్నాయి. స్ప్రింగులు అలిసిపోయి ఉంటాయి, విడిభాగాలు దొరకవు. వాటిలో చాలావాటికి, కింద పడ్డప్పుడు హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) తూటాను తాకకుండా ఆపే అడ్డు ఉండదు. అలాంటి రివాల్వర్ ఉన్నవాళ్లు హ్యామర్ కింద గదిని ఖాళీగా ఉంచాలి. 2024 అక్టోబరు 1న ముంబైలో నటుడు గోవిందా ఇంట్లోనే, సొంత లైసెన్సు రివాల్వర్ ప్రమాదవశాత్తు పేలి కాలికి తూటా దిగింది. ఆయన బతికి బయటపడ్డారు, సంతోషం. ఆ తూటా పక్కగదిలో ఉన్న పసివాడి వైపు వెళ్లి ఉంటే?

నన్నడిగితే, నడుముకు పిస్టల్ కావాలనుకునేవాళ్లలో ఎక్కువమందికి దాని అవసరం లేదు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా రాసి ఉంది, దానికి హద్దులూ అక్కడే ఉన్నాయి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు. పదిమందిలో తుపాకీ తీసి చూపించడం కూడా నిషేధమే. ఇవన్నీ చదివాక, రేంజ్‌లో ఒక గంట గడిపాక, ఆ బరువు, ఆ శబ్దం, ఆ బాధ్యత చేతికి తెలిశాక కొందరు వాళ్లంతట వాళ్లే దరఖాస్తు వెనక్కి తీసుకుంటారు. అది సమాజానికి లాభమే. నిజంగా ముప్పు ఉన్నవాళ్లు మిగులుతారు, వాళ్లు నేర్చుకుని మిగులుతారు.

అయితే ఎక్కడ నేర్చుకోవాలి? మీ దగ్గరే దానికి జవాబు ఉంది. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ సిబ్బంది సాధనకు ఫైరింగ్ రేంజ్‌లు ఉన్నాయి. నెలలో ఒక ఆదివారం వాటిని పోలీసు పర్యవేక్షణలో లైసెన్సుదారులకూ, .22 కాల్చే పిల్లలకూ తెరవండి. పదో నియమం కింద ఇచ్చే సర్టిఫికెట్ అక్కడ కాల్చి చూపించాకే ఇవ్వండి. లైసెన్సు ఇప్పుడు ఐదేళ్లకు ఇస్తున్నారు. రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆయుధం నంబరు సరిచూసుకోవడంతో ఆపకుండా, ఆ మనిషి దాన్ని సురక్షితంగా ఖాళీ చెయ్యగలడో లేదో కూడా చూడండి. రేంజ్‌లో, మీ సిబ్బంది కళ్లముందే కాల్చిన తూటాలను లైసెన్సు మీద రాసే ఏడాది కోటాలో కలపకండి. కోటా అయిపోతుందని భయపడి సాధన మానేసేవాళ్లు ఎక్కువ. సాధన లేని తుపాకీ ఇంట్లో అందరికీ ప్రమాదం.

స్పోర్ట్స్ అథారిటీ వారికి నా విన్నపం ఇంకా చిన్నది. జిల్లాకొక హాలు, అందులో నాలుగు లేన్లు. తాడు లాగితే వెళ్లి వచ్చే కాగితపు టార్గెట్లు చాలు, ఎలక్ట్రానిక్ టార్గెట్లు తర్వాత చూసుకోవచ్చు. వెనక పెల్లెట్లను కిందికి మళ్లించే ఏటవాలు ఇనుప రేకు. చిన్న, మధ్య, పెద్ద గ్రిప్పుల పిస్టళ్లు, ఒకటి తప్పకుండా ఎడమచేతిది, ఒకటి పిల్లల కోసం తేలికది. ఇవి ఎవరి సొంతమూ కావు, రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకుని, కాల్చి, తిరిగి అప్పగించేవి. కొన్ని నెలలు అలా కాల్చాక ఏ గ్రిప్ కావాలో, ఎంత బరువు మోయగలరో, అసలు ఈ ఆట మీద ఇష్టం నిలిచిందో లేదో ఆ పిల్లకే తెలుస్తుంది. అప్పుడు కొంటే ఆ లక్షన్నరకు అర్థం ఉంటుంది. చేతులు కడుక్కునే కుళాయి మరవకండి. పెల్లెట్లు సీసంతో చేసినవి, పిల్లలు అవే చేతులతో టిఫిన్ డబ్బాలు తెరుస్తారు.

నేర్పేవాళ్లు లేరన్న మాట రానివ్వకండి. రాష్ట్రస్థాయిలో కాల్చి, ఉద్యోగాల్లో చేరి, ఆదివారాలు ఖాళీగా ఉన్నవాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. సైన్యం నుంచి, పోలీసు శాఖ నుంచి రిటైరైన ఆర్మరర్లు ఉన్నారు. పిలిస్తే వస్తారు. నేనూ వస్తాను. తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలి, రిజిస్టర్ ఎవరు రాయాలి, రేంజ్‌లో పిల్లల వెంట ఎవరుండాలి, ఏ క్రమంలో నేర్పాలి అన్నవన్నీ రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ముందు ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. అది ఏ జిల్లా అయినా సరే, హైదరాబాద్ మాత్రం కాకుండా చూడండి.

భవదీయుడు,
ఒక పిస్టల్ షూటర్, శిక్షకుడు